ముఖం లేని గొర్రె

ఈ సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. దీన్ని కళ్ళారా చూసినవాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళకు ఇది గుర్తుంచుకోవలసిన సంగతే కాదు. మదనపల్లెలో ఒక బడిలో, తెరలు దించిన ఒక గదిలో, కంప్యూటర్ మీద గొర్రెలు దూకుతుంటే పల్లెటూరి పిల్ల ఒకతె తప్పు మీట నొక్కింది. ఆ పిల్లకు లెక్కలు రావని పెద్దలు తేల్చారు. పిల్ల ఇంటికి పోయింది. చెప్పుకుంటే ఇంతే. ఇంత చిన్న సంగతికి ఇన్ని కాగితాలు దేనికని మా ఇంట్లోవాళ్ళే అడుగుతున్నారు. ఎందుకంటే ఆ పిల్లను నేనే. ఆ రోజు ఆ గదిలో ఒక్కరు కూడా నన్ను "ఎందుకమ్మా అట్లా నొక్కినావు?" అని అడగలేదు. అడగని ఆ ప్రశ్నకు జవాబు ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడైనా దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. రాసేది మర్యాదగా రాయమని నా కూతురు చెప్పింది. ప్రయత్నిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను.

పోయిన వేసవి సెలవులకు నా కూతురు సుజాత మదనపల్లె నుంచి పుంగనూరుకు, నా దగ్గరికి వచ్చింది. దాని కూతురు లిఖితకు ఆరేళ్ళు. సెలవుల్లో పిల్లలు లెక్కలు మరిచిపోకూడదని బడివాళ్ళు తల్లిదండ్రుల ఫోన్లలో ఏదో ఆట వేయించారట. నేను కుట్టుమిషను పక్కన కూర్చుని జాకెట్టుకు కాజాలు కుడుతున్నాను. పిల్ల నా కాళ్ళ దగ్గర చాప మీద బోర్లా పడుకుని ఆడుకుంటోంది. ఫోనులో నుంచి చిన్న పాట వినిపించింది, ఎగిరెగిరి పడుతున్నట్టుండే పాట. వంగి చూశాను. పచ్చటి గుట్ట, తెల్లటి కంచె, కంచె మీద నుంచి దూకుతున్న గొర్రెలు. నా చేతిలో సూది అక్కడే ఆగిపోయింది.

"ఏంది పాపా ఇది?"

"మ్యాథ్స్ గేమ్ అవ్వా. గొర్రెలు ఎన్ని దుంకినాయో నొక్కితే స్టార్లు వస్తాయి."

నేను చూస్తుండగానే గొర్రెలు సగం కూడా దూకకముందే అది ఏదో అంకె నొక్కింది. తప్పు. ఇంకోటి నొక్కింది. అదీ తప్పు. తర్వాతది సరిపోయింది. తెర నిండా నక్షత్రాలు రాలాయి.

"సూడకుండానే నొక్కుతాండావే?"

"సూసే పని ల్యావ్వా. తప్పు నొక్కినా ఏం గాదు. బిరబిరా నొక్కితే లెవెల్ అయిపోతాది."

"మరి ఆ గొర్రెలు?"

అది నా వైపు జాలిగా చూసింది. "అవి గొర్రెలు గాదవ్వా. పాయింట్లు."

వంటింట్లో నుంచి సుజాత, "క్లాసులో దాని స్కోరే ఫస్టు మా," అంది. ఆ గొంతులోని గర్వాన్ని నేను తప్పుపట్టను. తల్లి కదా. కానీ ఆ పూట నేను ఆ జాకెట్టును మళ్ళీ ముట్టుకోలేదు.

మాది గొర్రెల ఇల్లు. పుంగనూరుకు నడిచి పోయేంత దూరంలో, గుట్ట కింద, వానను నమ్ముకున్న పల్లె. శెనక్కాయ చేలు కొంచెం, రాగి చేను ఇంకొంచెం, మిగతాదంతా గొర్రెలే. మా ఇంటి వాసన మీకు చెప్పాలంటే ముందు తడిసిన కంబళి వాసన తెలిసుండాలి. దానికి గొర్రె పెంటికల ఘాటు, పొయ్యి మీద ఉలవలు ఉడికే ఆవిరి, మా నాయన తలగుడ్డలోని చెమట, దూలానికి వేలాడే ఎండుమిరప మూట, అన్నీ కలపాలి. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ వాసన లేని ఇల్లు ఖాళీ ఇల్లు లాగా తోచేది. ఇప్పటికీ వానకాలంలో గోడవారగా ఎవరి మంద పోయినా నా ముక్కు దాని వెంట ఇంకొంత దూరం పోయి వస్తుంది.

పొద్దున మందను తోలుకుపోవడం మా నాయన పని. సాయంత్రం దొడ్డిలోకి తీసుకోవడం మా అవ్వ పని. దొడ్డి అంటే ముళ్ళకంప కంచె. దానికి ఒకేచోట దారి, ఆ దారికి వెదురు తడిక. పొద్దు గుంకే వేళకు అవ్వ తడికను పక్కకు జరిపి, దారికి ఒక పక్కన రాయి మీద కూర్చునేది. గొర్రెలు ఆమె మోకాలును రాసుకుంటూ లోపలికి పోయేవి. పోయే ప్రతి గొర్రె వీపు మీదా ఆమె చెయ్యి ఒకసారి పడేది. నేను అవతలి పక్కన నిలబడేదాన్ని. అంకెలు లేవు. నోటితో ఒకటి, రెండు అనడం లేదు. బొల్లి వచ్చింది, మొండిచెవిది వచ్చింది, నుదుటి మీద తెల్లచారలుండే నామాలది వచ్చింది, ఊళ్ళోవాళ్ళ చేలల్లో తలదూర్చే దొంగది వచ్చింది, ఎప్పుడూ తల వంచుకుని నడిచే పెండ్లికూతురు వచ్చింది. అంతా లోపలికి పోయాక అవ్వ నన్ను అడిగేది:

"అందురూ వచ్చినారా మే?"

"వచ్చినారవ్వా."

అప్పుడు తడిక కట్టేది. ఎవరైనా తక్కువైతే కట్టేది కాదు. ఒకరోజు నామాలది రాలేదు. మబ్బు దిగి ఉంది. మా నాయన విసుక్కుంటూ, "వానొచ్చేట్టుండాది, కట్టు మా," అన్నాడు.

"ఒకతె రాలే. ఎట్ల కడతారా?"

"తెల్లారి ఎతుకుతాలే."

"నువ్వు రాకుంటే నీ పెండ్లాం తలుపేసుకొని పండుకుంటాదా?"

మా నాయన గొణుక్కుంటూ గుట్ట వైపు నడిచాడు. అవ్వ కంబళి నెత్తిన వేసుకుని ఆ రాయి మీదే కూర్చుంది. నామాలది రేగుపొద చాటున ఈని, పిల్లను నాకుతూ దొరికింది. నాయన దాన్ని వెంటేసుకుని, పిల్లను చంకలో పెట్టుకుని వచ్చాక గానీ తడిక కట్టలేదు, పొయ్యి మీద కుండ దించలేదు.

మందను లెక్కపెట్టడం చూడాలంటే సంత రోజు చూడాలి. దళారి వచ్చి వేలు ఆడిస్తూ ఒకటి, రెండు అంటుంటే అవ్వ మొగం తిప్పుకునేది. మా ఇంట్లో గొర్రెలకు అంకె తగిలిందంటే అవి అమ్ముడుపోతున్నాయని అర్థం. మనం ఎందుకు లెక్కపెట్టం అని నేను ఒకసారి అడిగితే, "సొమ్మును లెక్కబెడతారు మే. బిడ్డల్ని యాడన్నా లెక్కబెడతారా? మీ అమ్మ నిన్నూ నీ తమ్ముణ్ణీ సూసి ఇద్దురుండారు అనుకుంటాదా, నువ్వుండావు, వాడుండాడు అనుకుంటాదా?" అంది.

దీన్ని బట్టి మా ఇంట్లో లెక్కలు తెలియవని ఎవరూ అనుకోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద అవ్వా నేనూ వామనగుంటలు ఆడేవాళ్ళం. అరుగు మట్టిలోనే గుంతలు తీసి ఉండేవి. వాటిలో చింతపిక్కలు. గుంతలోకి చూడగానే ఎన్ని పిక్కలున్నాయో చెప్పేసేదాన్ని. ఏ గుంత నుంచి మొదలుపెడితే ఎక్కడ అయిపోతుందో ముందే తెలిసిపోయేది. అవ్వ ఓడిపోతానని తెలిసినప్పుడల్లా పిక్కలు అటూ ఇటూ చేసేది.

"అవ్వా, ఆడ నాలుగు పెట్టాల. అయిదు పెట్టినావు."

"నా కండ్లు సరిగ్గా కనపడవు మే."

"గొర్రెల మొగాలు కనపడతాయే?"

"గొర్రెలు నీ మాదిరి గొంతు మింద కూసోవు గదా!"

మా ఊరి బడిలో ఉన్నది ఒకే పంతులమ్మ, మునిలక్ష్మమ్మ టీచరు. పుంగనూరు నుంచి చెరువుకట్ట మీద నడిచి వచ్చేది. చెప్పులు చేత పట్టుకుని వచ్చి బడి గుమ్మంలో వేసుకునేది, కట్ట మీద బురదకు అవి పాడవుతాయని. నేను అయిదో తరగతిలో ఉండగా ఆమెకు ఒక కబురు తెలిసింది. మదనపల్లెలో ఒక పెద్ద బడివాళ్ళు పల్లెటూరి ఆడపిల్లకు ఒకరికి హాస్టల్‌తో సహా ఉచితంగా సీటు ఇస్తున్నారట. పది దాకా చదివిస్తారట. ఆమె నేరుగా దొడ్డి దగ్గరికే వచ్చింది. మా ఊళ్ళో అయిదు తర్వాత బడి లేదు. ఆ సీటు రాకపోతే నాకు చదువు అక్కడితో సరి. ఈ మాట ఆమె మా నాయనకు దాచకుండా చెప్పింది.

"ఆడబిడ్డ, అంత దూరం యాల మా?" అన్నాడు నాయన.

"దూరమా? మేత ఉందంటే గొర్రెల్ని నువ్వు ఎంత దూరమైనా తోలుకోని పోతావు గదప్పా. ఈ బిడ్డకు మేత మదనపల్లెలో ఉండాది."

నాయన నవ్వాడు. ఆ మాట ఆయనకు అర్థమయ్యే భాషలో ఉంది. అమ్మ నాకు రెండు జడలు వేసి, కనకాంబరాలు పెట్టి, నూనె కారేట్టు తల దువ్వి పంపింది. నాయన ఉతికిన పంచె కట్టుకుని, అంత ఎండలోనూ భుజం మీద మడత కంబళి వేసుకున్నాడు. అది ఆయనకు కోటు లాంటిది. టీచరు, నాయన, నేను బస్సెక్కాం. నాయన ఒళ్ళో చద్దిమూట. నా ఒళ్ళో పలక.

ఆ బడి పేరు నాకు బాగా గుర్తుంది. రాయను. ఇప్పుడక్కడ చదువుకుంటున్న పిల్లలకు దీంతో సంబంధం లేదు. పొద్దున పలక మీద లెక్కలు ఇచ్చారు. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు. అన్నీ చేశాను. దిద్దిన పంతులు పలక తిప్పి చూసి, "బాగుందే," అన్నాడు. నాతో పాటు ఇంకో ఇద్దరు పిల్లలు మిగిలారు. ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు చెప్పారు, మధ్యాహ్నం మమ్మల్ని మిషన్ ముందు కూర్చోబెడతామని.

మిషన్ బెంగుళూరు నుంచి కొత్తగా వచ్చిందట. ఎవరో దాత పంపాడట. దాని కోసం ఒక గదికి సున్నం వేయించి, కిటికీలకు తెరలు కట్టి, నేల మీద జంపఖానా పరిచారు. చెప్పులు బయట విడవాలి. నాయనకు చెప్పులతో పాటు కంబళి కూడా బయటే పెట్టమన్నారు, దుమ్ము పడుతుందని. లోపల టైపు మిషన్ లాంటి మీటలు, వాటి పైన చిన్న టీవీ. అంతవరకూ నేను టీవీ చూడలేదు. దాని వెనక ఎవరైనా ఉన్నారేమోనని తల పక్కకు వంచి చూశాను. మిషన్ ఆడించడానికి బెంగుళూరు నుంచి ఒక యువకుడు వచ్చి ఉన్నాడు. అందరూ ఆయనను కంప్యూటర్ సారు అంటున్నారు. బడి పెద్దాయన ఒకరు గోడవారగా కుర్చీలో కూర్చున్నారు.

"చిన్నపిల్లల ఆటమ్మా ఇది. గొర్రెలు దూకుతాయి. ఎన్ని దూకాయో చూసి ఆ అంకె నొక్కు. అంతే," అన్నాడు కంప్యూటర్ సారు.

గొర్రెలనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత కొత్త చోట మావాళ్ళు కనిపించినట్టయింది. పాట మొదలైంది. తెర ఎడమ పక్క నుంచి ఒక గొర్రె వచ్చింది. తెల్లది, నల్ల కాళ్ళు. కంచె దూకి కుడి పక్కన మాయమైంది. మళ్ళీ ఎడమ నుంచి వచ్చింది. అదే తెలుపు, అవే కాళ్ళు, అదే దూకుడు. ఎడమ నుంచి, మళ్ళీ అదే. నేను మా దొడ్డి దగ్గర ఎట్లా చూస్తానో అట్లానే చూశాను. చెవి చూశాను, మచ్చ కోసం చూశాను, నడక చూశాను. ఒక తేడా కూడా లేదు. రెండు గొర్రెలు ఒకే మాదిరి ఉండవని నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కవల పిల్లలకు కూడా తేడా ఉంటుంది. కాబట్టి ఇది ఒకటే గొర్రె. ఎవరో దాన్ని చుట్టూ తిప్పి మళ్ళీ మళ్ళీ తోలుతున్నారు. గుంతలో చింతపిక్కలైతే పక్కపక్కనే కనిపిస్తాయి, ఇన్ని అని చెప్పొచ్చు. ఇక్కడ కనిపించేది ఎప్పుడూ ఒకతే. ఒకటి నొక్కాను.

మిషన్ ముక్కుతో అరిచినట్టు అరిచింది. తెర మీద ఎర్రటి గీతలు అడ్డంగా పడ్డాయి.

"సరిగ్గా చూడమ్మా."

"సూస్తాండా సార్."

మళ్ళీ దూకింది. మళ్ళీ ఒకటి నొక్కాను. మళ్ళీ అరుపు. ప్రతిసారీ ఇంకా జాగ్రత్తగా, ఇంకా దగ్గరికి జరిగి చూశాను. చూసేకొద్దీ అది ఒకటే గొర్రె అని ఇంకా గట్టిగా తెలిసింది. ప్రతిసారీ ఒకటే నొక్కాను. చివరికి చెప్పాను కూడా:

"ఒకటే సార్. అదే మళ్ళా మళ్ళా వస్తాండాది."

కంప్యూటర్ సారు పెద్దాయన వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అని నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వుతూ, "గొర్రెలోళ్ళ బిడ్డకు గొర్రెల్ని లెక్కబెట్టేది రాదంటే ఇంగేం జెప్పేదయ్యా!" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. దాని ముందు మిషన్ అరుపు ఎంతో మర్యాద.

మునిలక్ష్మమ్మ టీచరు ముందుకు వచ్చింది. "సార్, పొద్దున పలక మింద అన్నీ సరిగ్గా చేసింది గదా. గుప్పెడు సెనక్కాయలు ఇచ్చి లెక్కబెట్టమనండి, ఇప్పుడే చేస్తాది."

పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "పలక మీదివి ఎవరైనా నేర్పించి చేయించి ఉండొచ్చు టీచర్. మిషన్‌కు ఎవరు నేర్పిస్తారు? మిషన్ అబద్ధం చెప్పదు."

గుమ్మం దగ్గర నుంచి మా నాయన, ఆ గదిలోకి అడుగు పెట్టడానికి సంకోచిస్తూ, చేతులు కట్టుకుని అడిగాడు. "సార్, బిడ్డ ఏందో చెప్తాండాది. ఇంగోసారి ఇనండి సార్."

"టైము లేదప్పా," అన్నాడు పెద్దాయన.

మా నాయన మాట అంతకన్నా ముందూ, తర్వాతా, ఒకరి ముందు అంత చిన్నగా వినిపించడం నేను ఎరగను. సీటు ఇంకో పిల్లకు వచ్చింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. బాగా చదువుకుని ఉంటే సంతోషం.

తిరుగు బస్సులో టీచరు కిటికీ వైపు మొహం పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది. పుంగనూరు దగ్గరపడుతుండగా నాయన అడిగాడు.

"ఆ గొర్రె ఎట్లుండాది మే?"

"తెల్లగుండాది నాయనా. కాళ్ళు నల్లవి. మొగమే ల్యా. మొగం ఉండాల్సిన చోట నల్లగా ముద్ద మాదిరి ఉండాది."

నాయన ఆలోచించి, "మన సీమది గాదులే," అన్నాడు. కంబళిని ఇంకో భుజానికి మార్చుకుని మళ్ళీ అన్నాడు. "మొగం ల్యాకుంటే ఒకతా, పదిమందా, ఎవురికి మాత్రం ఎట్ల తెలస్తాది?"

ఆ గది మొత్తంలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. దాన్ని అడిగింది చదువురాని మనిషి, అదీ బస్సులో, ఎవరికీ వినపడకుండా.

ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతోంది. మా చిన్నాయన మందను తోలుకొచ్చాడు. అవ్వ రాయి మీద కూర్చుని ఉంది. మా మొహాలు చూసి తడికను ఇంకొంచెం పక్కకు జరిపింది. గొర్రెల వెనక నేనూ దొడ్డిలోకి నడిచాను. అవ్వ చెయ్యి నా వీపు మీద కూడా పడింది, ఒక్కసారి, అందరికీ పడినట్టే. "అందురూ వచ్చినారు," అని తనకు తనే చెప్పుకుని తడిక కట్టేసింది.

ఊళ్ళో నాకు 'ఒకటమ్మ' అని పేరు పెట్టారు. ఆడుకునేటప్పుడు, "ఎన్ని మే ఒకటమ్మా?" అని అడిగి పరిగెత్తేవాళ్ళు. అది భరించలేక అమ్మ నన్ను కుప్పంలో మా మేనత్త ముద్దమ్మ ఇంటికి పంపింది. అత్తకు పసిబిడ్డ, మామకు రాతి క్వారీలో పని. బిడ్డను చూసుకునే మనిషి వాళ్ళకు కావాలి, ఆ ఊరి నుంచి బయటపడటం నాకు కావాలి. ఇంటికీ రైలు స్టేషనుకూ మధ్య గ్రంథాలయం ఉండేది. ఒక గది, ఒక బల్ల, బల్ల మీద తెలుగు, కన్నడం, తమిళం పేపర్లు. కూరగాయల బుట్టలతో బెంగుళూరు రైలు కోసం వచ్చినవాళ్ళు అక్కడ కాసేపు కూర్చుని, ఎవరి భాష పేపరు వాళ్ళు చదువుకుని పోయేవాళ్ళు. మొదటి రోజు బిడ్డను చంకనేసుకుని గుమ్మంలో నిలబడితే గ్రంథాలయం చూసే మునెప్పగారు కళ్ళద్దాల మీద నుంచి చూశారు.

"ఏం మా, నీళ్ళా?"

"పుస్తకం."

"చేతులు కడుక్కోని రా. బిడ్డ ఏడిస్తే బైటికి తీసకపో. నువ్వు ఏడిస్తే ఈడే కూసో. ఈడ అంతే రూలు."

నా చదువంతా ఆ బల్ల దగ్గరే. దాన్ని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, గర్వమే ఉంది. బీరువాలోని పుస్తకాలు వరుసగా చదువుకుంటూ పోయాను, అర్థమైనవీ కానివీ. నిఘంటువును కథల పుస్తకం లాగా చదివాను. పక్కన కూర్చున్నవాళ్ళను విసిగించి కన్నడం, తమిళం అక్షరాలు నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. లెక్కల్లో వచ్చిన మార్కులు ఇక్కడ రాయాలని చెయ్యి దురద పెడుతోంది కానీ, కూతురికి ప్రయత్నిస్తానని చెప్పాను కదా.

అక్కడే పెద్దవాళ్ళ కోసం రాసిన ఒక లెక్కల పుస్తకంలో ఒక మాట చదివి నిలువునా ఆగిపోయాను. వస్తువులను లెక్కపెట్టాలంటే ముందు వాటి మధ్య తేడాలను మరిచిపోవడానికి ఒప్పుకోవాలట. మూడు గొర్రెలు అన్నామంటే, ఆ కాసేపు ఎవరు నామాలదో ఎవరు దొంగదో పక్కన పెట్టినట్టు. అంటే అంకె అనేది ఒక ఒప్పందం. ఆ ఒప్పందం గురించి నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకొన్నేళ్ళకు, ఒక కంప్యూటర్ పత్రికలో ఇంకో సంగతి చదివాను. ఇలాంటి ఆటల్లో గొర్రె బొమ్మను ఒక్కసారే గీసి దాచిపెడతారట. దాన్నే ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తెర మీదికి తెస్తారట. ఆ మిషన్ కడుపులో నిజంగానే ఒకటే గొర్రె ఉంది. అది చదివిన రోజు పత్రిక మూసి, మునెప్పగారి రూలు ప్రకారం అక్కడే కూర్చున్నాను.

నా జవాబు సరైనదేనని నేను వాదించడం లేదు. కంప్యూటర్ సారు అడిగింది ఎన్నిసార్లు దూకిందని, నేను చెప్పింది ఎవరు దూకారని. ఆటకు నా జవాబు తప్పే. కానీ ఒక పిల్ల ఒకే తప్పును, ఒకే మాదిరి, అంత పట్టుదలగా చేస్తోందంటే దాని వెనక ఏదో ఉందని తెలియదా? లెక్కలు రాని పిల్ల తోచిన మీటలన్నీ నొక్కుతుంది. నేను ఒక్కటే నొక్కాను. కారణం నోరు తెరిచి చెప్పాను కూడా. మిషన్‌కు చెవులు లేవు, సరే. చుట్టూ నిలబడ్డ మనుషులకు ఉన్నాయి కదా! వాళ్ళు తమ చెవులను కూడా మిషన్‌కే అప్పగించారు. "మిషన్ అబద్ధం చెప్పదు" అన్న మాట ఎప్పుడు గుర్తొచ్చినా నాకు ఒళ్ళు మండుతుంది. మిషన్ ఏమీ చెప్పలేదు. దానికి నేర్పింది ఒక మనిషి. ఆ మనిషి ఎన్నడూ గొర్రెను దగ్గర నుంచి చూసి ఉండడు. గొర్రెల మధ్య పుట్టిన పిల్లను, గొర్రెకు మొహం అవసరం లేదనుకున్న ఆ మనిషి బొమ్మతో కొలిచి, తక్కువైందన్నారు.

"ఆ సీటు రాకపోవడమే మంచిదైంది, గ్రంథాలయం దొరికింది," అని నన్ను ఓదార్చేవాళ్ళున్నారు. వద్దు. నా గ్రంథాలయాన్ని వాళ్ళ తప్పుకు ముసుగుగా కప్పవద్దు. హాస్టల్లో ఉంటే నాకు పుస్తకాలూ దొరికేవి, బడీ దొరికేది. పసిబిడ్డను చంకలో మోస్తూ చదవాల్సిన పని ఉండేది కాదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా ఈడు పిల్లలకు దొరికిన మధ్యాహ్నాలు నాకు ఎవరు తెచ్చిస్తారు?

ఇప్పుడు ఆ ఆట బొమ్మలు అందంగా ఉన్నాయి, రంగులు పెరిగాయి. తప్పు నొక్కినా పిల్ల ఏడవకుండా బుజ్జగిస్తుంది. ఇదీ ఒక మేలే, కాదనను. కానీ గొర్రెకు ఇంకా మొహం రాలేదు. అప్పుడు కళ్ళు చిట్లించుకుని చూసిన పిల్లకు లెక్కలు రావన్నది. ఇప్పుడు అసలు చూడని పిల్ల క్లాసులో ఫస్టు అంటోంది. ఇదే మాట సుజాతతో అంటే, "ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు ఫోను మింద కోపమా మా?" అంది.

"ఫోను మింద గాదు. పాప దేన్నీ సూడకుండానే అన్నీ తెలుసనుకుంటాండాది. అందుకు."

"అందురు పిల్లోళ్ళూ ఆడతాండారు మా."

"అందుకే నాకు అంత కోపం."

మరుసటి రోజు సాయంత్రం లిఖితను మా ఊరికి తీసుకుపోయాను. మా చిన్నాయన కొడుకు ఇంట్లో ఇంకా మంద ఉంది. తడిక బదులు ఇనుప గేటు పెట్టాడు. గేటు పక్కన నిలబడ్డాం. గొర్రెలు వస్తుంటే పిల్ల ముందు నా కొంగు చాటుకు పోయింది. తర్వాత, "ఎన్నుండాయో చెప్పాలా అవ్వా?" అంది.

"వద్దు. ఊరికే సూడు."

అది గునిసింది. ఫోను ఇవ్వమంది. ఇవ్వలేదు. వాసన అంది. అవునన్నాను. మంద సగం లోపలికి పోయాక నా కొంగు వదిలేసింది. "అవ్వా, దీని చెవి తెగిపోయుండాది," అంది. ఇంకాసేపటికి, "ఇది ఇందాకటి దానికి అక్క మాదిరుండాది," అంది. నేను శెభాష్ అనలేదు. అంటే నక్షత్రాలు రాలినట్టవుతుందని భయపడ్డాను.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్ళకు నమస్కారం చెప్పి ముగిస్తాను. కట్ట మీద బురదలో నడిచి వచ్చి, నా కోసం ఒక పెద్దాయనకు ఎదురు మాట్లాడిన మునిలక్ష్మమ్మ టీచరుకు. అడగవలసిన ప్రశ్న అడిగిన మా నాయనకు. నూనె కారేట్టు తల దువ్విన మా అమ్మకు. గ్రంథాలయానికి పోయి ఆలస్యంగా వచ్చినా ఒక్క మాట అనని ముద్దమ్మ అత్తకు. ఏడవడానికి కూడా నాకు చోటిచ్చిన మునెప్పగారికి. మర్యాదగా రాయమన్న సుజాతకు. తెగిన చెవిని చూసిన లిఖితకు. నాకు చూడటం నేర్పిన మా అవ్వకు. అవ్వ చెయ్యి పడిన బొల్లికి, మొండిచెవిదానికి, నామాలదానికి, దాని పిల్లకు, దొంగదానికి, పెండ్లికూతురికి.

అందరూ వచ్చారు. ఒకతె రాలేదు. రెండు జడలు, కనకాంబరాలు, ఒళ్ళో పలక పెట్టుకుని తెరకు దగ్గరగా జరిగి చూస్తున్న పిల్ల ఒకతె ఆ గదిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం అవ్వ చెయ్యి నా వీపు మీద పడినప్పుడే నాకు తెలుసు. చెప్పలేదు. మా అవ్వ తడిక కట్టేసింది. నేను మాత్రం కట్టను.